ఐసు మీదికి దిగే ముందు

ఐసు మీద నేనేం చేసేదాన్నో మా బస్తీలో ఎవరూ చూడలేదు. వాళ్ళు చూసిందల్లా అంతకుముందు చేసే కసరత్తే. కాలెత్తి పిట్టగోడ మీద ఆనించడం, నడుము తిప్పడం, ఒంటికాలి మీద నిలబడి రెండో కాలిని ముందుకూ వెనక్కీ ఊపడం. అందుకని కార్వాన్‌లో మా గల్లీకి నేను స్కేటింగ్ నేర్చుకునే పిల్లను కాను, కాళ్ళు లేపే పిల్లను. ఆ పేరు ఎవరు పెట్టారో కనుక్కోవాలని చాలా ప్రయత్నించాను. కనుక్కుని ఉంటే పెద్ద లొల్లే అయ్యేది, ఎందుకంటే అప్పట్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడూ అక్కడే ఉంది, కాకపోతే ఉద్యోగం చేసే చోట కాస్త దాచుకుంటున్నాను.

మాది పాల వ్యాపారం. ముందు రెండు గదులు, వెనకంతా బర్రెల కొట్టం. మా ఇంట్లో హాయిగా కాళ్ళు చాపుకునే జాగా బర్రెలకే ఉంది, మనుషులకు లేదు. ఐసు రింకుకు పోని రోజుల్లో కూడా సాయంత్రం పూట ఒళ్ళు సాగదీయాలని అక్కడ నేర్పే మేడమ్ చెప్పింది గనుక నేను డాబా ఎక్కేదాన్ని. అమ్మ నా పరువు కాపాడటానికి దండెం మీద రెండు చీరలు అడ్డంగా ఆరేసింది. దానివల్ల జరిగిందేమిటంటే, చీరల వెనక ఏదో జరుగుతోందని అప్పటిదాకా తెలియని వాళ్ళకు కూడా తెలిసిపోయింది. పక్క డాబాల మీద పతంగులు ఎగరేసేవాళ్ళు మాంజా పట్టుకునే ఇటు తిరిగేవారు. చీరల పైన ఉన్నట్టుండి ఒక పాదం లేచేది, మళ్ళీ దిగేది.

పక్కింటి ఖాలా మంచి మనిషి. మా పాలే పోయించుకునేది. ఒకరోజు గల్లీలో అందరూ వింటుండగా అమ్మను ఆపింది.

"ఏమైంది బేటీకి? నరం గిట్ల పట్టిందా? మా చుట్టాల్ల ఒక హకీం సాబ్ ఉన్నడు. చూపిస్తరా?"

"ఏం లేదు ఖాలా, మంచిగనే ఉంది. ఆట కోసం చేస్తుంది."

"ఆటనా? నిలవడ్డ కాడ్నే కాలు లేపుడు ఏం ఆటనమ్మా?"

పైన పిట్టగోడ మీద కాలు పెట్టి ఉన్న నాకు తలకొట్టేసినట్టయింది. కాలు దించితే నేను విన్నానని తెలుస్తుంది. దించకపోతే వాళ్ళు పైకి చూస్తే కనిపిస్తుంది. చివరికి కాలు అక్కడే పెట్టి తల మాత్రం దాచుకున్నాను.

అసలు ఈ ఐసు గొడవ మా స్కూలు వాళ్ళ వల్ల వచ్చింది. ఒకసారి పిల్లలందర్నీ హైటెక్ సిటీ వైపున్న ఒక మాల్‌కు తీసుకెళ్ళారు. అక్కడి రింకులో అందరూ పడుతుంటే నేను పడలేదు. అందులో నా గొప్పేమీ లేదు. వానాకాలంలో పేడ, మూత్రం కలిసిన కొట్టంలో నిండు బకెట్టు పట్టుకుని నడిచినవాళ్ళెవరూ అంత తేలిగ్గా జారరు. కానీ అక్కడ నేర్పే మేడమ్ చూసి, పేరడిగి, తన పొద్దుటి బ్యాచ్‌లో చేర్చుకుంది. ఆ తర్వాత రెండేళ్ళు నాకు ఐసు తప్ప వేరే ధ్యాస లేదు. ఐసు మీద ఉన్నంతసేపూ నేను ఎవరి పిల్లనో, ఏ గల్లీ పిల్లనో ఎవరూ చూడరు. అందరూ అంచు చూస్తారు, అంటే బ్లేడు ఏ అంచు మీద వాలిందో, అంతే. సిగ్గంతా ఐసుకు బయటే ఉండేది.

మాల్ తెరవకముందు కాసేపు మాత్రమే రింకు మాకిచ్చేవారు. ఆ కాసేపట్లో ఒక్క క్షణం కూడా ఒళ్ళు వేడి చేసుకోవడానికి వాడకూడదని మేడమ్ రూలు. అందుకని చీకటితోనే వచ్చి, మూసిన దుకాణాల మధ్య ఉన్న పొడుగాటి వరండాలో పరుగెత్తాలి. తాడాట ఆడాలి. కమ్మీ పట్టుకుని కాళ్ళు ఊపాలి. గాల్లోకి దూకి తిరిగి ఒంటికాలి మీద వాలాలి. మేడమ్ చెప్పేది ఒకటే, చలికి బిగుసుకున్న కండతో దూకితే అది పగ తీర్చుకుంటుందని. చెమట పట్టిన పిల్లకే గేటు తీసేది.

నన్ను రింకుకు తెచ్చేది మా బాపు. పత్తర్‌గట్టి వెనక చాయ్ హోటళ్ళకు పాలు పోసి, ఖాళీ క్యాన్లు బండికి రెండు పక్కలా వేలాడుతుండగానే నన్ను వెనక ఎక్కించుకుని టోలీచౌకీ మీదుగా తెచ్చేవాడు. క్యాన్లు దారి పొడుగునా డబడబలాడేవి. మాల్ కింద బండి ఆపేటప్పుడు కార్లలోంచి దిగుతున్న పిల్లలు ఆ చప్పుడుకు తిరిగి చూసేవారు. నేను బండి ఆగకముందే దూకి, ఎవరో తెలియని బండి మీద వచ్చినట్టు గబగబా మెట్లెక్కేదాన్ని.

బాపు వయసులో ఉన్నప్పుడు తాలీమ్‌లో కుస్తీ పట్టాడు. పాతబస్తీలో తాలీమ్ అంటే పహిల్వాన్లు సాధన చేసే చోటు. ఆయన పెద్ద పేరున్న పహిల్వానేం కాదు. అయినా పెళ్ళయి, నేను పుట్టి, పొట్ట వచ్చాక కూడా అక్కడి అఖాడ మట్టికి, అంటే కుస్తీ బరిలోని మట్టికి, మొక్కి రాకపోతే ఆయనకు రోజు మొదలవదు. ఆడవాళ్ళను అందులోకి రానివ్వరు గనుక నేను దాన్ని గడప బయటి నుంచే చూశాను. స్కేటింగ్ మీద ఆయనకు నమ్మకం లేదు. "జారకుంట నిలవడుడు ఆట గని, జారుడు ఏం ఆట బిడ్డా?" అనేవాడు. ఐసు మీద నన్ను చూడాలంటే ఆయనకు భయం, పడతానని. అందుకని పైకి వచ్చి, వరండాలో మా కసరత్తు అయ్యేదాకా కూర్చుని, గేటు తీయగానే కిందికి, క్యాన్ల దగ్గరికి వెళ్ళిపోయేవాడు. మేడమ్ అంతసేపూ లోపల ఐసు పని చూసుకునేది గనుక ఆయన ముఖం ఆమె ఎరగదు. మా బస్తీ నవ్విందీ కసరత్తుకే, మా బాపు మెచ్చుకుందీ కసరత్తునే. నా ఆట మాత్రం ఇద్దరికీ అక్కర్లేదు.

మెచ్చుకోవడమంటే మామూలుగా కాదు. నేను గుంజీలు తీస్తుంటే తన తొడ చరిచేవాడు. మూసిన దుకాణాల మధ్య ఆ చప్పుడు అవతలి లిఫ్టు దాకా పోయి తిరిగొచ్చేది. "శాబాష్, ఇంక కిందికి, ఇంక కిందికి. శ్వాస పట్టకు బిడ్డా." రబ్బరు చాపలు పరుచుకుని, చెవుల్లో పాటలు పెట్టుకుని, ఎవరి మానాన వాళ్ళు కాళ్ళు సాగదీసుకుంటున్న పిల్లలు చెవుల్లోంచి తీసి మరీ చూసేవారు. నాకు మా బాపు మీద కోపం వచ్చేది. వచ్చినందుకు నా మీద నాకు కోపం వచ్చేది. ఈ రెండింటి మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నలిగి, కసరత్తు మాత్రం బాగా చేసేదాన్ని.

దానికి తోడు నూనె. పహిల్వాన్ల ఇంట్లో నూనె రాయకుండా ఒళ్ళు వేడెక్కదు. చీకట్లో లేపి అమ్మ నా పిక్కలకు కర్పూరం వేసి కాచిన నువ్వుల నూనె రుద్దేది. నూనె వద్దని మేడమ్ చెప్పింది. ఆ మాట ఇంట్లో చెప్పాను కూడా. "ఆమెకు ఐసు తెలుస్తది, ఒళ్ళు మనకు తెలుస్తది" అన్నాడు బాపు. అక్కడితో ఆ ముచ్చట అయిపోయింది. మాల్ కింద స్తంభం చాటున పాత గుడ్డతో ఎంత తుడిచినా వాసన పోయేది కాదు, జిడ్డు పోయేది కాదు. కసరత్తు చివర్లో ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని, పాదానికి పాదం ఆనించి, చేతులు పట్టుకుని ఒకరినొకరు ముందుకు లాగాలి. నాతో జోడీ కట్టడానికి ఎవరూ ఇష్టపడేవారు కాదు. ఎవరూ ఏమీ అనరు. నేను చూసేసరికి అందరూ జోడీలు కట్టేసి ఉంటారు, అంతే.

ఒక్క అమ్మాయి మాత్రం ఒకరోజు నా ఎదురుగా వచ్చి కూర్చుంది. వాళ్ళ నాన్న గుంటూరు నుంచి ఉద్యోగం మీద వచ్చినవాడు, ఏదో ప్రభుత్వాఫీసులో అధికారి. వాళ్ళమ్మ రోజూ కూడా వచ్చి, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. మా అందరిలోకీ బాగా ఆడేది ఆ అమ్మాయే. అది చెప్పడానికి నాకు అప్పుడూ కష్టం లేదు, ఇప్పుడూ లేదు. తను దూకి వాలితే చప్పుడయ్యేది కాదు. నా చెయ్యి పట్టుకుంది, జారింది. తన ప్యాంటుకు అరచేతులు తుడుచుకుని మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది.

"మణికట్టు పట్టుకోవే, అయిపోతుంది," అంది.

అప్పటినుంచి తనే నా జోడీ. ఎప్పుడూ నూనె మాట ఎత్తలేదు. వాళ్ళమ్మ ఒకసారి, "ఏంటమ్మాయ్, మళ్ళీ నూనె రాసుకొచ్చావా?" అని నవ్వుతూ అడిగితే ఆ అమ్మాయి "అమ్మా" అని ఒక్క మాటతో ఆపేసింది. ఆ జాలి కూడా నాకు గుచ్చుకునేది. కానీ ఆ చేతులు నాకు అవసరం.

నేను ఇంటర్ రెండో ఏడులో ఉండగా రాష్ట్ర జట్టుకు ఎంపిక పెట్టారు. మా వయసు అమ్మాయిల్లో ఒక్కరినే తీసుకుంటారు. పోటీ అంతా నాకూ నా జోడీకీ మధ్యనే అని అందరికీ తెలుసు, ఎవరు వస్తారో కూడా దాదాపు తెలుసు. ఆ అమ్మాయికి వచ్చే ఏడు ఉంది, ఆపై ఏడు కూడా ఉంది. నాకు లేదు. "గీ సారి వస్తే పోదువు. రాకపోతే గీ కాళ్ళు లేపుడు బందు, సదువు చూస్కో," అని అమ్మ తేల్చి చెప్పింది. గల్లీ మాటలు పడీ పడీ అమ్మకు విసుగొచ్చింది. బాపు ఏమీ అనలేదు. అనలేదంటే ఒప్పుకున్నట్టే.

ఎంపిక రోజు పొద్దున బాపు మమ్మల్నెవర్నీ లేపకుండా తాలీమ్‌కు వెళ్ళి వచ్చాడు. వరండాలో నేను కసరత్తు చేస్తుంటే తొడ చరచలేదు, శాబాష్ అనలేదు. గోడకు ఆనుకుని, చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఇవాళ కాస్త మర్యాదగా ఉన్నాడని లోపల సంతోషించాను. పిల్లలంతా మామూలు కంటే ఎక్కువ సేపు సాగదీశారు. నా ఒళ్ళు బాగా వేడెక్కింది. కాళ్ళు నా మాట వింటున్నాయని తెలుస్తోంది.

లోపల ఐసును యంత్రంతో అప్పుడే తుడిచి నీళ్ళు పట్టించారు. అద్దంలా ఉంది. అవతలి పక్క బల్ల దగ్గర మార్కులు వేసేవాళ్ళు కూర్చున్నారు. మేడమ్ గేటు తీసింది. ముందు నా జోడీ, వెనక నేను, నా వెనక మిగతావాళ్ళు. అప్పుడు బాపు వచ్చాడు.

జేబులోంచి మూట కట్టిన చేతిరుమాలు తీశాడు. అది అఖాడ మట్టి. ముందు నా నుదుటికి పెట్టాడు. అంతవరకైతే ఎవరూ ఏమీ అనకపోదురు. కానీ తాలీమ్‌లో ఒక పద్ధతి ఉంది. కుస్తీకి దిగేముందు పహిల్వాన్ గుప్పెడు మట్టి తీసి బరిలో చల్లి, నేలను తాకి కళ్ళకద్దుకుని గాని లోపలికి అడుగు పెట్టడు. మా బాపు నా తరఫున అది చేశాడు. గేటు మీదుగా వంగి, ఆ తెల్లటి ఐసు మీద గుప్పెడు ఎర్రమట్టి చల్లి, గడప తాకి, రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఆపాలని తోచేలోపు అయిపోయింది.

నా జోడీ అప్పటికే అడుగు వేసింది. రాతి మీద కత్తి గీసినట్టు చప్పుడు వచ్చింది. తను తూలి పక్క గోడ పట్టుకుని నిలదొక్కుకుంది.

స్కేటింగ్ వాళ్ళకు ఇసుక రేణువు అంటే పాము లెక్క. బ్లేడుకు రెండు పక్కలా ఉండే సన్నటి అంచుల మీదే ఆటంతా నడుస్తుంది. అందుకే సిమెంటు నేల మీద నాలుగడుగులు వేయాలన్నా వాటికి రబ్బరు తొడుగులు వేస్తాం. ఇది మా బాపుకు తెలియకపోవడానికి వీల్లేదు, రోజూ చూసేవాడు. కానీ ఆయన దృష్టిలో నేల మీది దుమ్ము వేరు, తాలీమ్ మట్టి వేరు.

"ఎవరు మీరు? ఏమిటిది?" అంది మేడమ్.

బాపు నా వైపు చూడలేదు. "పాలు పొయ్యనీకి వచ్చిన మేడమ్. కింద కాఫీ దుకాణంల," అన్నాడు.

చేతినిండా మట్టి. పక్కనే నా నుదుటి మీద అదే మట్టి. పైగా పిల్లలంతా ఆయన్ని రోజూ వరండాలో చూసేవాళ్ళే, ఆ అబద్ధం ఎవరూ నమ్మరు. అయినా ఆడాడు, నాకోసం. నన్ను ఎంత కాలంగా గమనిస్తున్నాడో, బండి ఆగకముందే నేను దూకడం ఆయనకు ఎంత బాగా కనిపించిందో, ఆ ఒక్క మాటతో అర్థమైంది.

"మా బాపు మేడమ్," అన్నాను.

అది చెప్పగలిగినందుకు ఒక్క క్షణం నాకు గర్వంగా అనిపించింది. మరుక్షణం చూస్తే బాపు చేతులు జోడించాడు. పాలాయనైతే తిట్టు తిని మెట్లు దిగి వెళ్ళిపోయేవాడే. తండ్రిని చేసేసరికి అక్కడే నిలబడి క్షమాపణ అడగాల్సి వచ్చింది. కుస్తీలో ఓడినప్పుడు కూడా నవ్వుతూ లేచేవాడని చెప్పుకునే మనిషి, తన కంటే చిన్నదైన మేడమ్ ముందు, పిల్లలందరి ముందు, దండం పెట్టి నిలబడ్డాడు.

"ఇదేంటండీ, పిల్లల బ్లేళ్ళు ఏం కావాలి? అసలు ఇవాళ ఎలాంటి రోజు, మీరు చేసిందేంటి?" అంది నా జోడీ వాళ్ళమ్మ.

"జల్లెడ పట్టిన మట్టి అమ్మా. రాయి ఉండదు. పసుపు, నెయ్యి, మజ్జిగ ఏసి కలుపుతం. మంచి మట్టి," అన్నాడు బాపు. ఆయన గొంతులో బతిమాలడం ఉంది గానీ, మట్టి మీద గౌరవం మాత్రం తగ్గలేదు.

రింకు పనాయన వేడినీళ్ళూ గీకే పలకా తెచ్చాడు. బాపు ఆయన్ని ఆపి, భుజం మీది తువ్వాల తీసి, ఆ ఐసు మీద మోకాళ్ళూనాడు. నీళ్ళు చల్లుతూ, గీకుతూ, ఒక్కొక్క రేణువూ తువ్వాలతో అద్ది తీయడం మొదలుపెట్టాడు. ఆలస్యమయ్యేట్టుంది. మేడమ్‌కు తన భయం తనది.

"ఎవరూ కూర్చోకండి. ఒళ్ళు చల్లబడుతుంది. అందరూ మళ్ళీ మొదలుపెట్టండి. నువ్వు ముందుకు రా," అంది నాతో. కసరత్తు బాగా చేసేదాన్ని గనుక అందరికీ ఎదురుగా నిలబడి చేయించే పని ఎప్పుడూ నాదే. "నుదురు తుడుచుకో. చెమటకు కళ్ళలోకి కారుతోంది."

జాకెట్టు చేతితో నుదురు తుడుచుకున్నాను. బాపు చూశాడో లేదో తెలియదు. ఆ తర్వాత గేటు దగ్గరే నిలబడి, మోకాళ్ళు ఎత్తండి, చేతులు తిప్పండి, కాలు ముందుకు, కాలు వెనక్కి అని గట్టిగా చెబుతూ అందరి చేతా చేయించాను. పిల్లలు నన్ను చూడాలి. నన్ను చూడాలంటే నా వెనక వంగి ఉన్న మా బాపును కూడా చూడాలి. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఎవరినో ఒకరిని తిట్టి నా మానాన నేను బతికేదాన్ని. అందరూ చాలా శ్రద్ధగా, నేల చూపులు చూస్తూ కాళ్ళు ఊపారు. నేలకింత పగులు వస్తే బాగుండునని అనుకుంటూ నేను లెక్క తప్పకుండా చేయించాను.

ఈలోగా మేడమ్ నా జోడీ బ్లేడు మీద గోరు పెట్టి లాగింది. ఒకచోట గోరు తగులుకుంది. చిన్న గంటు. రాయి తెచ్చి నూరింది. "సరిపోతుందా? ఆగుదామా?" అని అడిగింది.

"సరిపోతుంది మేడమ్," అంది ఆ అమ్మాయి. ఒకసారి మా బాపు వైపు చూసి, మళ్ళీ అంది, "ఏం కాలేదు."

ముందు తనే ఆడింది. మొదటి దూకుడు బాగానే వాలింది. రెండోది గాల్లో ఎప్పటిలాగే తిరిగింది. వాలేటప్పుడు అంచు పట్టలేదు. కాలు పక్కకు జారిపోయి, నడుము మీద పడింది. లేచింది. చివర్లో అదే కాలి మీద తిరగాల్సిన చోట మళ్ళీ జారి, చెయ్యి నేలకు ఆనించింది. తర్వాత నేను ఆడాను. గొప్పగా ఏమీ ఆడలేదు. పడలేదు, అంతే.

వాళ్ళమ్మ బల్ల దగ్గరికి వెళ్ళి, పాపకు ఇంకొక్క అవకాశం ఇమ్మని అడిగింది. బ్లేడు గంటు సంగతి చెప్పింది. నేను దగ్గర్లోనే ఉన్నాను. నేనూ ఒక మాట అంటే దానికి బలం వస్తుందని తెలుసు. అనలేదు. పైగా వాళ్ళు ఒప్పుకోకూడదని లోపల మొక్కుకున్నాను. ఏ దేవుడికి మొక్కుకున్నానో కూడా గుర్తులేదు. బ్లేడు చూశారు, పాప సరేనంది, ఇక కుదరదన్నారు. కాసేపటికి నా పేరు చదివారు.

ఆట అయ్యాక కూడా ఒళ్ళు సాగదీయకుండా ఎవర్నీ ఇంటికి పంపదు మేడమ్. గెలిచినా ఓడినా ముందు కండలు సర్దుకోవాలి అంటుంది. "జోడీలు," అంది చప్పట్లు కొట్టి. నేను ఎటూ కదలకుండా నిలబడి ఉంటే ఆ అమ్మాయే వచ్చి, నా ముందు కూర్చుని, పాదాలు చాపింది. నేనూ కూర్చున్నాను. పాదానికి పాదం ఆనింది. నా మణికట్లు పట్టుకుంది.

అంతలో బాపు వచ్చాడు. ఆ రోజు మొదటిసారి కిందికి పోకుండా అద్దం అవతల నిలబడి నా ఆట చూశాడు. మోకాళ్ళ దగ్గర ప్యాంటు ఇంకా తడిగానే ఉంది. నా పేరు చదవడం విన్నాడు. పక్క పిల్ల బ్లేడుకు గంటు పడిందని మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"చూసినవా బిడ్డా," అన్నాడు. "తిట్టిన్రు గని, మన మట్టి పట్టింది."

నా చేతులు వెనక్కి లాక్కోబోయాను. ఆ అమ్మాయి వదల్లేదు. మా బాపు వైపు తలెత్తి, "అంకుల్, ఆ మట్టి ఇంకా ఉందా?" అంది.

"ఉందమ్మా."

"నాకూ కొంచెం పెట్టండి. వచ్చేసారికి."

వెక్కిరిస్తోందేమోనని ముఖం చూశాను. లేదు. వెక్కిరించినా బాగుండేది. బాపు మొహం విప్పారింది. చేతిరుమాలు విప్పి, మడతల్లో మిగిలినదంతా వేలితో తీసి, తలమీద చెయ్యి వేసి, ఆ అమ్మాయి నుదుటికి పెట్టాడు. "సల్లగుండు బిడ్డా. వచ్చేసారి నీదే." వాళ్ళమ్మ ఫ్లాస్కు మూత తిప్పుతూ అటు తిరిగిపోయింది.

"రెడీనా?" అని అడిగి ఆ అమ్మాయి నన్ను ముందుకు లాగింది. మామూలుగా సగం దూరంలోనే నా తొడల వెనక మంట మొదలై, చాలు చాలు అని అరిచేదాన్ని. ఆ రోజు ఎక్కడా ఆగలేదు. తన ముఖం కనిపించకుండా ఉండటానికి ఎంత కిందికి పోవాలో అంత కిందికి పోయాను. నా నుదురు మోకాళ్ళను తాకింది. కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయాను.

తలమీద నుంచి మేడమ్ గొంతు వినిపించింది. "చూడండి అందరూ. ఇలా వంగాలి. ఇన్నాళ్ళకు వచ్చింది దీనికి. లేవకు, అలాగే ఉండు, అందరినీ చూడనీ."